ఐదో రాగి పైస

మంగళవారం ఉదయం పదిన్నరకు తనూజ జనగామలో జగపతి ఇంట్లో అడుగుపెట్టేసరికి, అక్కడున్న వాళ్ల లెక్క ప్రకారం దొంగ దొరికిపోయాడు.

ఆ దొంగ పేరు సోమనర్సయ్య. అరవై ఎనిమిదేళ్ల ఇత్తడి పనివాడు. హాల్లో మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చుట్టుపక్కల గుళ్లలో తలుపుల తొడుగులు, దీపస్తంభాలు చాలావరకు ఆయన సుత్తి దెబ్బలు తిన్నవే. గూడూరు దగ్గర ఒక గుడి ధ్వజస్తంభానికి ఇత్తడి తొడుగు వేసే పని ఈ నెలే ఒప్పుకున్నాడు. సాయంత్రం ఐదులోపు పేరు మీది మచ్చ పోకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తామని గుడి కమిటీ పెద్దలు పొద్దున్నే ఫోన్ చేశారట. దొంగ చేయి తగిలిన తొడుగు దేవుడికి ఎలా వేస్తామని అడిగారట.

ఆ ఐదు గంటల గడువు పెట్టింది సాగర్. బీమా కంపెనీ తరఫున హైదరాబాద్ నుంచి సోమవారం దిగిన డిటెక్టివ్. ఐదింటికి పోలీసు ఫిర్యాదు రాయించి చేతులు దులుపుకుంటానని, అప్పటిదాకా ముసలాయన ఇల్లు దాటకూడదని హుకుం జారీ చేశాడు.

"మీరెవరండీ?" అని తనూజను ఎగాదిగా చూశాడు.

"జనగామ డిటెక్టివ్‌ను. రుక్మిణమ్మ పిలిచింది."

"ఈ ఊళ్లో కూడా డిటెక్టివ్ ఉంటారా? ఏమనుకోకండి, మీ యాస నాకు సగమే అర్థమవుతుంది."

"ఆ సగం చాలు సార్. మిగిలిన సగం మీకు పనికొచ్చేది కాదు."

రుక్మిణి వంటింటి గుమ్మంలో నవ్వు దాచుకుంది. ఆమె భర్త జగపతి మాత్రం నవ్వే స్థితిలో లేడు. రఘునాథపల్లి దగ్గర ముప్పై ఎకరాల ఆసామి, చుట్టాల్లో నోరున్న మనిషి, ఇప్పుడు మోకాళ్ల మీద తువ్వాలు కప్పుకుని పసిపిల్లాడిలా దిగాలుగా కూర్చున్నాడు.

పోయింది ఒక రాగి నాణెం. 1793లో అమెరికాలో మొట్టమొదట అచ్చయిన సెంట్లలో ఒకటి. ఒకవైపు జుట్టు విరబోసుకున్న స్త్రీ తల, రెండో వైపు పదిహేను లంకెల గొలుసు. ముప్పై ఏళ్ల కిందట పెంబర్తి కార్ఖానాలో కరిగించడానికి పోసిన పాత రాగి కుప్పలో జగపతికి ఒక అమెరికన్ సెంటు దొరికింది. అది అక్కడికెలా వచ్చిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు. పిచ్చి మాత్రం ఆయనకు అంటుకుంది. వేలాలు పాడి, దేశాలు దాటించి, ఇప్పటికి ముప్పై ఎనిమిది సెంట్లు పోగుచేశాడు. ఒక్కొక్కదానికి దూది మెత్త కుట్టిన కాగితం కవరు, అన్నింటికీ కలిపి ఒక టేకు పెట్టె. అందులో గొలుసు సెంటు ఆయన ప్రాణం. బుధవారం రాత్రి చూసుకున్నప్పుడు ఉంది. ఆదివారం సాయంత్రం కవరు తెరిస్తే అచ్చం అలాంటిదే ఇంకొకటి ఉంది. బరువు తేడా కొట్టింది. మిగతావన్నీ అప్పుడే తూచి చూస్తే సరిగ్గానే ఉన్నాయి.

తనూజ జేబులో పట్టే ఎలక్ట్రానిక్ కాంటా తీసి నకిలీని దాని మీద పెట్టింది. పది పాయింట్ తొమ్మిది గ్రాములు.

"అసలుది పదమూడు పాయింట్ మూడు. అరిగినా గంతకంటె తగ్గది," అన్నాడు జగపతి.

నకిలీ మీద గొలుసు పక్కన చిన్న చోట గీతలున్నాయి. బజారులో అమ్మే నకళ్ల మీద ఇది నకలు అని ముద్ర ఉంటుంది. ఆ ముద్రను ఎవరో ఆకురాయితో అరగదీశారు. ఆ గీతలే తన మొదటి సాక్ష్యమని సాగర్ చెప్పాడు. ఇంట్లో ఆకురాయి పట్టే మనిషి ఒక్కడే. గురువారం పది నుంచి ఒంటిగంట దాకా ఉయ్యాల గొలుసులు బాగుచేయడానికి వచ్చింది అతడే. నాణేల గదికి ఇత్తడి గడియ చేసిందీ అతడే, దాని గుట్టు తెలిసినవాడు. బయటికి వెళ్లేటప్పుడు అతని జేబులు చూశారు గానీ పనిముట్ల సంచి చూడలేదు.

తనూజ భూతద్దం, నకిలీ రెండూ తీసుకెళ్లి సోమనర్సయ్య చేతిలో పెట్టింది. ఆయన వెలుతురు దిక్కు తిప్పి అర నిమిషం చూశాడు. చూస్తుంటే ముఖంలో దుఃఖం పోయి చిరాకు వచ్చింది.

"గిది నేను గీకిన్నా? బిడ్డా, ఆకురాయిని ముందుకు తోస్తరు. వెనుకకు గుంజరు. గుంజితే పండ్లు మొద్దుబారుతయి. మా ఇంట్ల ఎనిమిదేండ్ల పోరికి ఎరుకే. గీ గీతలు రెండు దిక్కులా ఉన్నయి, కొబ్బరి కోరినట్టు. గింత కచ్చా పని నా పేరు మీద రాస్తరా? దొంగ అన్నా ఊకుంట గని గిది ఊకోను."

సాగర్ పెదవి విరిచాడు. కావాలనే అలా గీసి ఉంటాడన్నాడు.

"పనోడు దొంగతనమన్న చేస్తడు గని, కావాలని పని ఖరాబు చెయ్యడు సార్," అంది తనూజ. తర్వాత జగపతి వైపు తిరిగి గురువారం ఆ గదిలోకి ఇంకెవరు వెళ్లారని అడిగింది.

జగపతి జంకుతూ చెప్పాడు. పదకొండు గంటలకు రుక్మిణి అన్న కొడుకు శశిధర్ వచ్చాడు. మహబూబాబాద్‌లో ఇల్లు కట్టుకుంటున్నాడు. శుక్రవారం దర్వాజ ఎత్తుడు, అంటే ద్వారబంధం నిలబెట్టే ముహూర్తం, ఉందని పిలవడానికి వచ్చాడు. కాసేపు నాణేలు చూశాడు. మధ్యలో ఫోన్ వస్తే జగపతి నాలుగు నిమిషాలు బయటికి వచ్చాడు. కానీ ఆ గదిలోంచి ఎవరు బయటికి వచ్చినా, సొంత తమ్ముడైనా సరే, రెండు చేతులూ చూపించి జేబులు బయటికి తీయాలి. అది ఈ ఇంటి రివాజు. శశిధర్ తీశాడు. పర్సు కూడా విప్పి చూపించాడు. అందులో ఏమీ లేదు.

తనూజ గది చూసింది. కిటికీ లేదు. చెమ్మ తగలకూడదని ఒకప్పటి పూజగదినే నాణేలకు ఇచ్చాడు జగపతి. దేవుడి పటాలు హాల్లోకి వెళ్లాయి గానీ, రుక్మిణి పూజసామాను పెట్టుకునే గోడ అల్మార మాత్రం అక్కడే ఉండిపోయింది. అందులో కుందులు, గంట, అగరొత్తులు, ఒక ఇత్తడి కుంకుమ బరిణె.

బరిణె తీసి మూత తెరిచింది. పసుపు, కుంకుమ తప్ప ఇంకేమీ లేవు. పసుపులో గుండ్రటి అచ్చులు మాత్రం మిగిలాయి.

"అక్కా, ఇండ్ల ఏముండె?" అని బరిణె పట్టుకుని వంటింట్లోకి వెళ్లి మెల్లగా అడిగింది.

"రాగి పైసలు," అంది రుక్మిణి. "దర్వాజ కింద వేసేటందుకు. మేనత్తను గదా, నా చేతుల మీదుగనే వెయ్యాలె. గురువారం పొద్దుగూకంగ నేను మహబూబాబాద్ పోయిన, బరిణె పట్టుకొనే పోయిన."

"ఎన్ని ఉండె?"

రుక్మిణి కళ్లు మెరిశాయి. ఇది ఆమె ఎవరికైనా చెప్పాలని ఎదురుచూస్తున్న సంగతి. దర్వాజ కింద ఐదు వేయాలి. ఆమె దగ్గర నాలుగే ఉన్నాయి. పోయినసారి తోటికోడలి ఇంటి దర్వాజకు ఒకటి ఇచ్చేసింది. ఐదోది ఎక్కడ తేవాలో తెలియక పరేషాన్ అయింది. ముహూర్తం వేళకు మూత తీసి చూస్తే ఐదు ఉన్నాయి.

"అమ్మవారే ఇచ్చింది అనుకున్న తనూజా. పైస మీద గూడ అమ్మవారే ఉన్నది. జుట్టు ఇడిసిపెట్టుకొని. దానికి వెనుక దిక్కు గొలుసు. కండ్లకద్దుకొని పసుపు గుడ్డల కట్టి వేసిన."

తనూజ ఒక్క క్షణం స్టవ్ మీద పొంగుతున్న పాల వైపు చూసి, చేయి చాచి మంట తగ్గించింది.

"బావ పెట్టెలో నాణేలు ఎప్పుడన్న చూసినవా అక్కా?"

"ముప్పై ఏండ్ల సంది ముట్టనియ్యలే. చేతి చెమట తగిలితే రాగి ఖరాబయితదట. ముట్టనియ్యనిదాన్ని నేనెందుకు చూస్త?"

జేబులు తీయించే ఇంట్లో, జేబులో పెట్టుకోకుండా దాచే చోటు అదొక్కటే. రుక్మిణి తప్ప ఎవరూ తెరవని బరిణె. మళ్లీ వచ్చినప్పుడు మెల్లగా తీసుకుందామనుకున్నాడు శశిధర్. తన దర్వాజకే అత్త ఆ బరిణె ఎత్తుకొస్తుందని తట్టలేదు. మగవాళ్లకు ఆ లెక్కలు తెలియవు. పసుపు గుడ్డలో ఏం కడతారో ఎవరూ వాళ్లకు చెప్పరు.

"పొద్దున శశి ఫోన్ చేసిండు. దర్వాజ వంకర పోయిందట, మూడు గంటలకు కూలోళ్లు వచ్చి తీస్తరట. నువ్వు మనసుల పెట్టుకోకు అత్తమ్మా అన్నడు. ఎత్తిన దర్వాజ తీసుడేంది? ఏ ఇంట్లన్న చూసినమా?" అని రుక్మిణి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తనూజ గడియారం చూసింది. పదకొండూ ముప్పై ఐదు.

"చీర మార్చకు అక్కా. గిట్లనే నడువు."

బయలుదేరే ముందు రెండు పనులు చేసింది. సోమనర్సయ్య దగ్గరికి వెళ్లి, పాత రాగి పైస ఒకటి ఉంటే ఇమ్మంది. ఆయన కారణం అడగలేదు. నడుముకున్న సంచిలోంచి చిల్లు పైస ఒకటి తీసి ఇచ్చాడు. తర్వాత జగపతితో, పెట్టెలో మిగిలిన ముప్పై ఏడు సెంట్లూ మళ్లీ తూచమని, ఒక్కటి తేడా ఉన్నా ఫోన్ చేయమని చెప్పింది.

సాగర్ అడ్డం వచ్చాడు. "నిన్న గది తలుపు వేసుకుని రెండు గంటలు కూర్చుని ఒక్కొక్కటీ నేనే పరీక్షించాను. అన్నీ అసలువే. మళ్లీ తూచడం దేనికి? చేతులు పడితే రాగి పాడవుతుంది."

"తుడుచుకునే తూచుతరు సార్."

సాగర్ ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లాడు. తనూజ కారు గేటు దాటుతుంటే అతను ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

* * *

కొడకండ్ల దాటేలోపు తనూజ రుక్మిణికి అంతా విప్పి చెప్పింది. విన్నాక రుక్మిణి, వాడు చిన్నప్పుడు తన దగ్గరే పెరిగాడని, ఏదన్నా అడిగితే ఇచ్చేవాళ్లమే గదా అని, అడగడానికి నోరేమైందని ఏకబిగిన తిట్టింది. ఒకటీ యాభైకి వాళ్లు మహబూబాబాద్ శివార్లలో శశిధర్ కొత్త ఇంటి ముందు దిగారు.

గోడలు ఛాతీ ఎత్తు లేచాయి. మధ్యలో టేకు దర్వాజ, దానికి మామిడాకులు, ఎండిన బంతిపూలు. దాని ముందు మేస్త్రీ బుచ్చయ్య చేతులు కట్టుకుని, ఇంట్లోకి రానివ్వని మనిషిలా నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ల శశిధర్ చెమటలు కక్కుతూ ఆయన్ను బతిమాలుతున్నాడు. అత్తను చూడగానే ముఖం పాలిపోయింది.

తనూజ తనెవరో చెప్పి, దర్వాజ ఎంత వంకర పోయిందో చూపించమని మేస్త్రీని అడిగింది. బుచ్చయ్యకు కావాల్సింది అదే. దారానికి గుండు కట్టి పై చెక్క నుంచి వదిలాడు. గుండు ఊగి ఊగి ఆగింది. దారానికీ చెక్కకూ మధ్య సందు పైనెంతో కిందా అంతే.

"నలభై ఏండ్లల ఆరు వందల దర్వాజలు ఎత్తిన. ఎత్తినదాన్ని తీయుమన్న మారాజు గీ ఒక్కడే. నేను తియ్య. అందుకే భూపాలపల్లి నుంచి కూలోళ్లను పిలిపిస్తున్నడు," అన్నాడు బుచ్చయ్య.

తనూజ మోకాళ్ల మీద కూర్చుంది. గడప ఎడమ మూల కింద నాలుగు రోజుల సిమెంటు మీద ఉలి దెబ్బలున్నాయి. లోతు లేవు, వరుస లేదు. ఎవరో కొట్టి, చేతకాక వదిలేశారు. లేచి శశిధర్ చేయి పట్టుకుని అరచేయి తిప్పింది. నాలుగు బొబ్బలు, రెండు చితికాయి.

"ఉలి నువ్వే పట్టినవా, శశిధర్?"

"సిమెంటు గట్టిపడ్డదా లేదా అని చూసిన."

"మూలకే చూసినవా? పసుపు గుడ్డ పెట్టిన మూలకు?"

శశిధర్ అరచేయి వెనక్కి లాక్కున్నాడు.

"గురువారం మామ ఫోన్ మాట్లాడింది నాలుగు నిమిషాలు. నువ్వు కవర్ల నాణెం మార్చినవు, అత్తమ్మ బరిణెల వేసినవు, జేబులు చూపిచ్చినవు. శుక్రవారం పొద్దుగాల గీడనే నిలబడి, చేతులు జోడిచ్చి, అది సిమెంటు కిందికి పోతుంటె చూసినవు. గప్పుడు ఏమనిపిచ్చింది?"

 రుక్మిణి ముందుకు వచ్చింది. అరవలేదు, కొట్టలేదు. "నా మొఖం చూసి చెప్పు," అంది, అంతే. అతను గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే ఒక తెల్ల కారు వచ్చి వాకిట్లో ఆగింది. జనగామ నుంచి వాళ్ల వెనకే బయలుదేరిన సాగర్ దిగాడు. టైము రెండూ పది.

ఇక్కడికి రావడం దండగని, గడపలు తవ్వి దొంగల్ని పట్టే పద్ధతి తానెక్కడా చూడలేదని సాగర్ మొదలుపెట్టాడు. తనూజ అతన్ని పట్టించుకోలేదు. దర్వాజ కదలకుండా పసుపు గుడ్డ బయటికి తీయడానికి దారి ఉందా అని మేస్త్రీని అడిగింది. బయటి మెట్టు దిక్కు నుంచి జానెడు బొక్క పెడితే దర్వాజకు తెలియను కూడా తెలియదన్నాడు బుచ్చయ్య. కానీ వేసిన చేయి ఒప్పుకోవాలి, తీసినదాని చోట ఇంకొకటి పెట్టాలి.

అందరూ రుక్మిణి వైపు చూశారు. ఆమె తనూజ చాచిన అరచేతిలోని చిల్లు పైస చూసింది.

"ఎవరిది గిది?"

"సోమనర్సయ్యది."

"తియ్యి మేస్త్రీ," అంది రుక్మిణి.

బుచ్చయ్య ఉలికి తడబాటు లేదు. పదిహేను నిమిషాల్లో బొక్క తెరుచుకుంది. మోచేతి దాకా చేయి దూర్చి నవధాన్యాలతో పాటు తడిసిన పసుపు గుడ్డ మూట బయటికి లాగాడు. రుక్మిణి ముడి విప్పింది. నాలుగు నిజాం కాలపు పైసలు, వాటి మధ్య కొంచెం పెద్దదిగా, ముదురు గోధుమ రంగులో ఐదోది.

తనూజ చేతికి రుమాలు చుట్టుకుని, అంచులు పట్టి కాంటా మీద పెట్టింది. అంకెలు అటూ ఇటూ ఊగి నిలిచాయి. పదమూడు పాయింట్ మూడు.

రెండు వందల ముప్పై ఏళ్లు బతికిన రాగికి నాలుగు రోజుల సిమెంటు ఏమీ చేయలేకపోయింది. పసుపు మధ్యలో గొలుసు పదిహేను లంకెలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. బుచ్చయ్య పనివాళ్లు చప్పట్లు కొట్టారు, ఎందుకో తెలియకపోయినా. తనూజ కూడా ఈసారి నవ్వు ఆపుకోలేదు.

సాగర్ చేయి చాచాడు. "ఒప్పుకుంటున్నానండీ, మీరే గెలిచారు. ఇటివ్వండి. కంపెనీ తరఫున నేనే సీలు వేసి తీసుకెళ్లాలి."

"వేసిన చెయ్యే తీసుకుంటది సార్," అని తనూజ నాణేన్ని రుక్మిణి అరచేతిలో పెట్టింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆమె భర్త రాగిని ముట్టుకుంది. వేళ్లు ముడుచుకుంది.

సాగర్ చాచిన చేయి వెంటనే వెనక్కి పోలేదు. ఆ చేయిని తనూజ గమనించింది. ఆమె శశిధర్ పక్కన కూర్చుని, నకిలీ ఎవరిచ్చారని అడిగింది.

భూపాలపల్లిలో పాత సామాను దుకాణం నడిపే నగేశ్ సేటు, అన్నాడతను. గొలుసు సెంటు తెస్తే ఇల్లు పూర్తయ్యేంత ఇస్తానన్నాడు. మార్చవలసింది ఆ ఒక్కటేనట. ముద్ర గీకమన్నది కూడా అతడే.

"పెట్టెల అంతకంటె అరుదైనవి ఉన్నయి. ఒక్కటే ఎందుకన్నడు?"

"నేనూ అడిగిన అక్కా. మిగిలినయి నువ్వు ముట్టకు, వాటికి వేరే మనిషి హైదరాబాద్ నుంచి వస్తడు, పెట్టె ఆయన ముందట వాళ్లే తెచ్చి పెడ్తరు అన్నడు."

తనూజ ఫోన్ మోగింది. జగపతి.  ఆదివారం సాయంత్రం సరిగ్గా ఉన్న సెంట్లలో నాలుగు ఇవాళ తేలిగ్గా ఉన్నాయట. 1793 ఆకుల దండది, 1794, 1799, 1804. నాలుగూ నకిలీలే.

ఆదివారం తర్వాత ఆ పెట్టె తలుపు వేసిన గదిలో ఒక్కడి ముందే ఉంది, రెండు గంటలు. గొలుసు సెంటు ఎర మాత్రమే. నకిలీని పట్టుకోవడానికి వచ్చే నిపుణుడి కోసం పెట్టె తెరిపించడమే అసలు దొంగతనం. ముసలాయన్ను ఐదింటికల్లా దొంగను చేయాలన్న తొందర అందుకే.

"బావా, తలుపు గొళ్లెం పెట్టుకో," అని తనూజ చెప్పబోతుంటే, ఎవరో గేటు కొడుతున్నారని, బీమా కంపెనీ మనుషులమంటున్నారని చెప్పి జగపతి ఫోన్ పెట్టేశాడు.

ఆమె తల తిప్పేసరికి సాగర్ అక్కడ లేడు. కారు స్టార్టయింది. కానీ కదలలేదు. పొద్దున రావలసిన ఇసుక ట్రాక్టర్ అప్పుడే వచ్చి, కారు వెనక డబ్బా ఎత్తి, రెండు టన్నుల ఇసుక కుమ్మరించింది. ముందు గోడ, వెనక గుట్ట. సాగర్ తలుపు తెరిచి దిగి డ్రైవర్ మీద విరుచుకుపడ్డాడు. డ్రైవర్ తాపీగా, పార ఇస్తాను, తీసుకో సార్, అన్నాడు.

కారులో ఫోన్ మోగుతోంది. స్టీరింగ్ పక్కన తెర మీద ఒకే పేరు, నగేశ్ భూపాలపల్లి. తనూజ వంగి ఆకుపచ్చ గుర్తు నొక్కింది.

"సాగర్ సార్," అని కారు స్పీకర్లలోంచి గొంతు వాకిలంతా వినిపించింది. "పొద్దున మీరు చెప్పంగనే ఇద్దరిని పంపిన. జనగామల ఇంటి లోపలికి పోయిండ్రు. పెట్టె మొత్తం పట్టుకొస్తరు. మీ దగ్గరున్న ఆ నాలుగు గూడ తెండ్రి. సార్? ఇనబడుతున్నదా?"

పనివాళ్లు అందరూ విన్నారు. సాగర్ ఇసుక గుట్ట మీద ఒక కాలు పెట్టి ఆగిపోయాడు. బుచ్చయ్య నెమ్మదిగా వెళ్లి అతని చేతిలోంచి సంచి తీసుకుని రుక్మిణికి అందించాడు. అతను అడ్డుచెప్పలేదు. సంచి అడుగున దూదిలో చుట్టిన నాలుగు రాగి సెంట్లున్నాయి.

కానీ తనూజ చూపు వాటి మీద లేదు. జగపతికి ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఆ ఇంట్లో ఇద్దరు దొంగలు, ఇద్దరు ముసలివాళ్లు. పెట్టె తెరిచి తూచమని చెప్పింది తనే. రుక్మిణి ఆమె మోచేయి గట్టిగా పట్టుకుంది.

ఆరో మోతకు ఎవరో ఎత్తారు.

"ఎవలు? తనూజ బిడ్డనా?" సోమనర్సయ్య గొంతు, ఏ తొందరా లేకుండా. "జగపతి పటేల్ మంచిగనే ఉన్నడు, నీళ్లు తాగుతున్నడు. ఇద్దరొచ్చిండ్రు. పెట్టె ఏదీ అన్నరు. గా గదిల ఉన్నది, పోయి తీసుకోండ్రి అన్న. పోయిండ్రు. బయటి నుంచి గడియ పెట్టిన."

"పెట్టె?"

"నా ఒళ్లె ఉన్నది. పటేల్ చేతులు వణుకుతున్నయని నేనే తూచి పెడుతున్న గదా." లోపలి నుంచి తలుపు మీద గుద్దుల చప్పుడు వినిపించింది. "గుద్దనీ బిడ్డా. ఆ గడియ నేను చేసింది. ఊడది."

వెనక నుంచి జగపతి గొంతు వినిపించింది, పోలీసులకు ఫోన్ చేశానని, సోమనర్సయ్యకు కుర్చీ వేశానని. చివరి మాట రెండుసార్లు చెప్పాడు.

టైము మూడూ అయిదు. తనూజ సోమనర్సయ్య దగ్గర గుడి కమిటీ పెద్ద నంబరు తీసుకుని అక్కడికక్కడే ఫోన్ చేసింది. దొంగలు దొరికారని, వాళ్లను పట్టింది సోమనర్సయ్యేనని, ధ్వజస్తంభం పనికి ఇంకెవరినీ పిలవవద్దని చెప్పింది.  అవతలి పెద్దాయన, సోమనర్సయ్య ఎప్పుడు వస్తాడో కనుక్కుని చెప్పమని మెత్తగా అడిగారు. గూడూరు మీదుగానే పోతున్నాను, ఆగి మాట్లాడతానంది.

బుచ్చయ్య ఆ నాలుగు పైసలతో పాటు చిల్లు పైసను పసుపు గుడ్డలో పెట్టి, రుక్మిణి చేత ముడి వేయించి గడప కింద తోసి, సిమెంటు మెత్తాడు. శశిధర్ తల వంచుకుని నీళ్లు అందించాడు. పోలీసులు వచ్చేదాకా కదలనివ్వకుండా పనివాళ్లు సాగర్ చుట్టూ నిలబడ్డారు.

మధ్యలో తెగిపోయిన ఫోన్ కారులో మళ్లీ మోగింది, తనూజ నొక్కగానే అదే గొంతు. సార్, సార్, ఉన్నరా. తనూజ తెర వైపు ఇంకొంచెం వంగింది.

"ఉన్న, నగేశ్ సేటు," అంది. "నేను సాగర్‌ను కాదు. జర దుకాణం మూయకు. వస్తున్న."